పెట్టెలో పసిబిడ్డ

పిండి మర దగ్గర వరసలో నిలబడి హిహీనియా అందట: “ఒదిలియా తెమాహ్ ఇక ఊళ్ళో తలెత్తుకు తిరగలేదర్రా. తెల్ల గింజ ఇళ్ళవాళ్ళు పొగ మిషన్లకి ఏదో చేశారట. అవి పొగ పీల్చడం మానేశాయట. రాజధానివాళ్ళకి ఒళ్ళు మండి, మనకి రావలసిన పొయ్యిలన్నీ లారీకెత్తి కోస్తా ఊళ్ళకి తోలేస్తున్నారట. ఈ పిల్ల నోరు కుట్టేసుకుని కూర్చుంది గానీ, దానికి అంతా తెలుసట.”

మా అమ్మ మొక్కజొన్న రుబ్బించుకొచ్చి, పిండితో పాటు ఈ మాటనీ బుట్టలోంచి దింపింది. రెండింటిలోనూ కాస్త తన నీళ్ళు కలిపే ఉంటుంది.

“నిజమేనా ఒదిలియా?” అంది.

“ఎవరి నోరని మూస్తాం?” అన్నాను బూట్లలో కాళ్ళు దూరుస్తూ.

హిహీనియా చెప్పినదాంట్లో సగం అబద్ధం. మిగతా సగం మొన్న సాయంత్రం దాకా నాకూ తెలియదు.

పదకొండు వారాలుగా తుయ్‌చాన్‌లో నలభై ఇళ్ళ గడపలు అరగదీశాను. ఇరవై ఇళ్ళకి పొగగొట్టం పొయ్యి ఇప్పుడే కట్టాం. ఇరవై ఇళ్ళకి వచ్చే ఏడు. ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నది మా ఇష్టం కాదు. బడి వరండాలో కుండ పెట్టి, అందులో గింజలు పోసి తీయించాం. నల్ల గింజ వస్తే ఇప్పుడు, తెల్ల గింజ వస్తే తర్వాత. ఎవరింట్లో ఎంత పొగ ఉందో తెలియడానికి ఇంటి ఇల్లాలు వారం విడిచి వారం రెండేసి రోజులు ఒక మిషను మెడలో వేసుకోవాలి. అరచేతిలో పట్టే డబ్బా, పక్కన చిన్న రంధ్రం, పైన మినుకుమనే పచ్చ దీపం. మిషను రోజు బాగా గడిస్తే కార్డు మీద సూర్యుడి బొమ్మ గీయాలి.

ఇదంతా అసలు పరీక్ష కాదు. ఆరు వందల ఇళ్ళలో పొయ్యిలు కట్టి, పిల్లలకి ఊపిరితిత్తుల జబ్బు తగ్గుతుందా అని రెండేళ్ళు చూడటం అసలు పరీక్ష. దానికి ముందు, ఈ కొండల్లో ఆ పని అసలు సాగుతుందా, ఆడవాళ్ళు మిషను వేసుకుంటారా, చివరిదాకా నిలబడతారా అని నలభై ఇళ్ళలో తేల్చుకోవడం మా పని. విత్తనం సంచి విప్పేముందు గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకోమూ, ఇదీ అంతే.

మొన్న సాయంత్రం నలభై మిషన్లు రాసిన పొగ గీతలూ ఒకచోట పెట్టి చూశాను. కొత్త పొయ్యి ఉన్న ఇళ్ళలో కొంచెం పొగ. మూడు రాళ్ళ పొయ్యి ఉన్న ఇళ్ళలో పొగే లేదు. పైకప్పు నుంచి మసి పింజల్లా వేలాడే వంటిళ్ళు, గొంతు సరిచేసుకోకుండా ఎవరూ మాట మొదలెట్టలేని వంటిళ్ళు. వాటి గీత మాత్రం పలక మీద బద్ద పెట్టి గీసినట్టుంది. ఆ గీతల్ని నమ్మితే, మేం కట్టిన పొయ్యిలే ఊళ్ళోకి పొగ తెచ్చాయి.

రేపు మధ్యాహ్నంలోగా, మాతో ఈ పని చేయించే డాక్టర్ ఇలియానా రాజధానికి కాగితం పంపాలి. ఈ పని ఇక్కడ సాగుతుందా, సాగదా? ఒక్క మాట. ఆ మాట వెనక ఆరు వందల పొయ్యిలు.

*

నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు చెప్పి వెళతాను. చెప్పకుండా ఇంటిమీద పడటం పోలీసుల పని. ఆవేళ చెప్పకుండా వెళ్ళాను. అందులోనూ నాన్ క్రిసాంతా ఇంటికి.

నాన్ అని ఊరంతా పిలిచేది ఆవిణ్ణొక్కదాన్నే కాదు, పెద్దవయసు ఆడవాళ్ళందరినీ అలాగే అంటాం. కానీ ‘నాన్’ అని ఊరుకుంటే ఆవిడే. మంత్రసాని. తెల్ల గింజ వచ్చిన ఇరవై ఇళ్ళలో పదిహేనిళ్ళ బిడ్డలు ఆవిడ చేతుల్లోనే పడ్డారు. ఆవిడ ఇంట్లో ఉప్పు ఎంత వేస్తే వాళ్ళ ఇళ్ళలోనూ అంతే. మిషన్లకి ఏదన్నా జరిగి ఉంటే, అది ఆ ఇంట్లోనే మొదలై ఉంటుంది.

వాన వెలిసింది. ఏటవాలు దారి, జారుడు బురద. మోకాలు రెండు వారాలుగా నా మాట వినడం లేదు. కంచె దాటేసరికి కుక్క నన్ను చూసి మొరగడం కూడా దండగనుకున్నట్టు తల దించుకుంది. పదకొండు వారాల్లో నన్ను అంత తేలిగ్గా చూసింది అదే.

వంటింట్లో కోడలు ఫ్లోరిందా పెనం ముందు కూర్చుని రొట్టెలు తడుతోంది. వీపున గుడ్డలో బిడ్డ, ఏడు నెలల అన్సెల్మో. రాళ్ళ మధ్య పచ్చి కర్ర సుయ్యిమంటూ ఏడుస్తోంది. పొగ గుమ్మంలోంచి బయటికి పోదామా వద్దా అన్నట్టు అక్కడక్కడే తిరుగుతోంది. బిడ్డ దగ్గాడు. తల్లి ఆగకుండానే భుజం కుదిపి జోకొట్టింది.

ఆవేళ మిషను రోజు. ఫ్లోరిందా మెడలో పూసల దండ ఉంది. మిషను లేదు.

“మిషనేది ఫ్లోరిందా?”

“ఉంది సెన్యో.” చదువుకుని ఉద్యోగం చేసే ఆడదాన్ని మా దగ్గర అలా పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా వీపు నిటారవుతుంది. ఆవేళ అవలేదు.

“ఎక్కడ?”

“ఉందండీ.”

“ఉందని నాకూ తెలుసు. ఎక్కడుందీ అని.”

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని లోపలి గది వైపు చూసింది. అంతలో నాన్ క్రిసాంతా పెరట్లోంచి ఒడినిండా కూరకి గూయిస్కిల్ కాయలతో వచ్చింది. మనిషి మూడు మూరలు. చూపు మాత్రం పై కొండ దాకా పోతుంది.

“ఏం పిల్లా, దారి తప్పావా? నువ్వు రావలసింది గురువారం పొద్దున కదూ.”

“గురువారం దాకా ఆగలేకపోయాను నాన్.”

“ఆగలేనివాళ్ళు పెళ్ళయినా చేసుకుంటారు. ఇలా జనం ఇళ్ళ మీద పడరు.” కాయలు కింద పోసింది. “కూర్చో. మోకాలు నొప్పి కదూ. ఎడమది. నడకలోనే తెలుస్తోంది.”

“మిషను చూడాలి.”

“చూడు. ఎవరొద్దన్నారు?”

లోపలి గదిలో మంచం పక్కన చెక్కపెట్టె. పండగ బట్టలు దాచుకునేది. నాన్ నడుం పట్టీలోంచి తాళంచెవి తీసి మూత ఎత్తింది. ముందు ఒక ఉన్ని దుప్పటి తీసింది. దాని కింద ఫ్లోరిందా పెళ్ళి రవిక, చేత్తో నేసింది. దాని మడతల్లో తెల్లటి మెత్తటి గుడ్డ, బిడ్డల తుడుపుగుడ్డ. అది విప్పితే మిషను. తల కింద చిన్న దిండు. మెడకి ఎర్ర దారం, దారానికి దిష్టి గింజ. పక్కన చెడుగాలి సోకకుండా పెట్టే రూదా ఆకు, ఒక రెమ్మ. గుడ్డ చుట్టలో ఆ రంధ్రం ఎప్పటినుంచో మూసుకుపోయి ఉంది. పచ్చ దీపం మాత్రం పాపం, మినుకు మినుకుమంటోంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వేశాను. నవ్వు మధ్యలోనే, ఇలాంటి పెట్టెలు ఇంకెన్నో అని గుర్తొచ్చి ఆగిపోయింది.

“నవ్వు, నవ్వు,” అంది నాన్. “నువ్వు చెప్పినట్టే చేశాం.”

“నేను చెప్పానా?”

“బడి వరండాలో నిలబడి ఏమన్నావు? ‘అమ్మలారా, దీన్ని పురిటిబిడ్డలా చూసుకోండి’ అన్నావు. అన్నావా, లేదా?”

అన్నాను. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంలో ‘జాగ్రత్తగా వాడాలి’ అని మాత్రమే ఉంది. అది మరీ చప్పగా ఉందని, మన భాషలో అందంగా చెబుదామని, పురిటిబిడ్డని నేనే తెచ్చి చేర్చాను. ఆ మాటకి ఆడవాళ్ళంతా తలలూపారు. వాళ్ళకి ఎంత బాగా అర్థమైందో అని ఆ రాత్రి మురిసిపోయాను కూడా.

“పురిటిబిడ్డని ఇరవై రోజులు గడప దాటిస్తామా?” వేళ్ళు మడుస్తోంది నాన్. “గాలి తగలనిస్తామా? కొత్తవాళ్ళ కంట పడనిస్తామా? పొయ్యి ముందు కూర్చోబెడతామా? నీకు పెళ్ళీ పురుడూ లేవు, సరే. చెప్పేముందు మీ అమ్మనన్నా అడగొద్దూ?”

“మరి కార్డు మీద రోజూ సూర్యుణ్ణి గీశారు కదా?”

“గీశాం. రోజంతా భద్రంగా ఉంది, గీశాం. నీకింకేం కావాలి?”

“మిగతా ఇళ్ళలో?”

“అందరిళ్ళలోనూ పెట్టెలోనే. బాసీలియా ఇంట్లో పెట్టె లేదు, దాన్ని తీసుకెళ్ళి మొక్కజొన్న గాదెలో పెట్టింది, మొద్దు మొహంది. ఎలుక కొరికితే ఏం చేస్తావే అని నేనే తిట్టి తీయించాను.”

“నల్ల గింజ వాళ్ళు?”

“వాళ్ళకేం. కొత్త పొయ్యి వచ్చిందని మెడలో వేలాడేసుకుని ఊరంతా ఊరేగుతున్నారు. వాళ్ళకి ఇవ్వాల్సింది ఇచ్చేశారుగా, ఇక భయమేముంది? మాది రావలసి ఉంది. పోగొట్టామనో, పాడుచేశామనో పేరు పడితే వచ్చేది కూడా రాదు.”

అర్థమైంది. ఇరవై మంది ఆడవాళ్ళు ఎంతో బుద్ధిగా, ఎంతో మర్యాదగా, నా పనిని పునాదితో సహా పెకిలించేశారు.

బయట బిడ్డ మళ్ళీ దగ్గాడు. ఈసారి త్వరగా ఆగలేదు. నిద్ర లేక, నడిచి నడిచి, నా తప్పు నా మొహానే కొట్టాక, నోరు నా అదుపులో లేదు.

“మిషన్ని పెట్టెలో పెట్టి, బిడ్డని పొగలో పెట్టారా నాన్?”

వంటింట్లో రొట్టె తట్టే చప్పుడు ఆగింది.

అనకూడని మాట. ఆ ఇంట్లో అస్సలు అనకూడదు. ఫ్లోరిందా మొదటి బిడ్డ మార్సెలినా ఎనిమిది నెలల పిల్లగా దగ్గుతో మూడు రోజులు అల్లాడి, రెండు వానాకాలాల కిందట పోయింది. నా దగ్గరున్న ఫారంలో పద్నాలుగో వరస అది. ‘పుట్టినవారు: ఇద్దరు. ఉన్నవారు: ఒకరు.’ నా చేత్తోనే రాశాను. మేకుకి వేలాడుతున్న అల్లిక టోపీ ఆ పిల్లదేనని కూడా నాకు తెలుసు.

నాన్ మిషన్ని మంచం మీద పెట్టి, గూయిస్కిల్ కాయలు కడగడానికి బయటికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

*

కుక్క ఈసారి మొరిగింది. డాక్టర్ ఇలియానా జీపు బడి దగ్గర కూరుకుపోతే, అక్కడినుంచి నడుచుకుంటూ వచ్చింది. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. ఆమె వెనక హిహీనియా.

“ఈవిడ దారి చూపిస్తానని వచ్చింది,” అంది డాక్టరమ్మ స్పానిష్‌లో. “నాకు దారి తెలుసన్నా వినలేదు.”

హిహీనియా కంచె అవతలే ఆగిపోయి, ఉన్నట్టుండి తన చెప్పు తెగినట్టు కనిపెట్టి, దాన్ని బాగుచేసుకుంటూ కూర్చుంది. ఆ చెప్పు ఇప్పట్లో బాగుపడదని నాకు తెలుసు.

ఫ్లోరిందా పీట వేసింది. నాన్ గిన్నెలో అటోల్, వేడి మొక్కజొన్న జావ, పోసి ఇచ్చింది. డాక్టరమ్మకి మా మామ్ భాష రాదు, నాన్‌కి స్పానిష్ రాదు. పదకొండు వారాలుగా ఆ ఇద్దరి మధ్యా వంతెన నేనే.

“అబ్బ, కాలిపోతోంది,” అంది డాక్టరమ్మ గిన్నె పట్టుకుని, తనలో తను స్పానిష్‌లో. నేను నోరు తెరిచేలోపే నాన్ ఒక గుడ్డ మడిచి ఆమె చేతికిచ్చింది. చూస్తేనే తెలుస్తుంది కదా అనుకున్నాను. ఆవిడకి కానుపు నొప్పులు నడకలోనే తెలుస్తాయి, గిన్నె వేడి ఒక లెక్కా!

జరిగిందంతా చెప్పాను. పెట్టె, దిండు, దిష్టి గింజ, పురిటిబిడ్డ. డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. తుడిచినా పొగే.

“పురిటిబిడ్డ అని ఎవరు చెప్పారు?”

“నేనే.”

“ఊఁ.” అంతే. ఆమె కూడా తిట్టలేదు. ఆవేళ నన్ను ఎవరూ తిట్టేలా లేరు. “కార్డులు ఎలా ఉన్నాయి?”

“నలభైలో ముప్పై ఎనిమిది కార్డులు నిండా సూర్యుళ్ళే.”

“మనం మొదట్లో ఏం రాసుకున్నాం? నూటికి ఎనభై మంది రెండేసి రోజులు మిషన్ని దగ్గర ఉంచుకుంటే పని సాగినట్టు. ఆ హద్దు నేనే పెట్టాను. ఉంచుకున్నారా? ఉంచుకున్నారు. అంతే రాద్దాం.”

“పెట్టెలో ఉంచుకున్నారు డాక్టరమ్మా.”

“ఎక్కడ అని కాగితంలో గడి లేదు.”

నేను ఆమె మొహంలోకి చూశాను. అబద్ధాలకి అలవాటు పడ్డ మొహం కాదు. మూడు రాత్రులుగా కాగితాల మీద పడుకున్న మొహం.

“మరి గీతలు?”

“ఈ చిన్న పరీక్షలో పొగ ఎంత అన్నది ప్రశ్నే కాదు. పని సాగుతుందా లేదా అన్నదే ప్రశ్న. గీతలు జతచేయక్కర్లేదు. పెద్ద పరీక్ష మొదలయ్యాక, నువ్వే మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి సరిగ్గా చెబుదువు గాని.”

“అప్పుడూ ఇలాగే జరిగితే? మరో మాట ఏదో అంటాను, వాళ్ళు మరో పెట్టె ఏదో వెతుకుతారు. ఆరు వందల ఇళ్ళ మీద రెండేళ్ళు పోస్తాం. చివరికి పొయ్యి లేని ఇంట్లోనే గాలి బాగుందని తేలుతుంది. ఆ తర్వాత ఈ కొండల్లో పొయ్యి కడతానని ఎవడు వస్తాడు?”

“ఒదిలియా.” ఆమె గొంతు తగ్గించింది, ఎవరికీ అర్థం కాని చోట గొంతు తగ్గించడం దేనికో. “రాజధానిలో కమిటీ ముందు రెండు ఊళ్ళ కాగితాలున్నాయి. మనది, ఇంకోటి. రేపు మధ్యాహ్నం ‘సాగలేదు’ అని మనం రాస్తే అప్పటికప్పుడే అవతలి దానికి సంతకం పెడతారు. ‘కొన్ని మార్పులతో సాగుతుంది’ అని రాస్తే, ఏం మార్పులు, ఎందుకు అని అడుగుతారు. పురిటిబిడ్డ అని చెప్పనా? నవ్వుతారు. ఈ జనంతో కాదులే అని తేల్చేస్తారు. అలా నవ్వడం నేను రెండుసార్లు చూశాను. ఇది మూడోసారి. నాలుగోసారి అడగడానికి నాకు ఓపిక లేదు.”

“మొలక రాకపోతే విత్తనం మార్చుకుంటాం. మొలిచిందని రాసుకుంటే చేను నమ్ముతుందా?”

“బాగా చెబుతావు నువ్వు. అందంగా చెబుతావు.” గిన్నె కింద పెట్టింది. “ఆ అందమే కదా ఇక్కడిదాకా తెచ్చింది.”

తగలాల్సిన చోటే తగిలింది. నేను తలదించుకున్నాను. నిజానికి నా మనసులో ఒక మూల, సరే అనెయ్యి అంటూనే ఉంది. సరే అంటే నా తప్పు ఎవరికీ తెలియదు. వచ్చే రెండేళ్ళూ నా ఉద్యోగం ఉంటుంది. మోకాలు నయం చేయించుకోవచ్చు. కాగితంలో గడి లేదు కదా. పదకొండు వారాల అలసటకి ఆ ‘సరే’ ఒక్కటే పరుపులా కనిపించింది.

అన్సెల్మో వీపు మీదనుంచి నన్నే చూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా, ముక్కు కారుతూ. దగ్గొచ్చినప్పుడల్లా వాడి చిన్న పిడికిలి తల్లి జడని గట్టిగా పట్టుకుంటోంది.

“నేను రాయలేను డాక్టరమ్మా,” అన్నాను. ధైర్యం ఉండి కాదు, ఇంకో అబద్ధం మోసే ఓపిక లేక.

“రాసేది నువ్వు కాదు. సంతకం నాది.” ఆమె లేచింది. “ముందు ఆ మిషను బ్యాగులో పెట్టు. వీళ్ళకి మనం మాట్లాడుకున్నది చెప్పకు. గురువారం నుంచి మెడలోనే వేసుకోవాలని మాత్రం చెప్పు.”

లోపలి గది వైపు తిరిగాను. మంచం మీద మిషను లేదు. మేం మాట్లాడుకుంటున్నంతసేపూ గుమ్మంలో కాయలు కోస్తున్న నాన్ ఎప్పుడు లేచిందో తెలియదు. తెల్ల గుడ్డ, పెళ్ళి రవిక, ఉన్ని దుప్పటి, అన్నీ ఎప్పటిలా చుట్టి పెట్టెలో పెట్టింది. తాళం తిప్పిన చప్పుడు వినబడింది. తాళంచెవి నడుం పట్టీలోకి పోయింది.

“ఏం చేస్తోంది?” అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

“తాళం వేస్తున్నాను,” అంది నాన్ క్రిసాంతా.

స్పానిష్‌లో అంది.

తడబడుతూ కాదు. కోస్తా కాఫీ తోటల్లో మేస్త్రీలు మాట్లాడే స్పానిష్, గరుకుగా, గట్టిగా. నా చేతిలో సంచి జారిపోయింది. ఫ్లోరిందా పెనం మీద రొట్టె మాడుతున్నా తీయడం లేదు. దానికీ తెలియదన్నమాట.

“పదేళ్ళ పిల్లనప్పుడు తోటలకి పోయాను,” అంది నాన్, మా ఇద్దరిలో ఎవరినీ చూడకుండా. “పద్నాలుగేళ్ళు కాఫీ ఏరాను. అక్కడ ఈ భాష రాదంటే రెండు బస్తాలు ఎక్కువ మోయించేవాళ్ళు. ఇక్కడ వచ్చునంటే ఎవరూ మనముందు నిజం మాట్లాడరు. అందుకని ఇక్కడ రాదు.”

“అమ్మా...” డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది, మళ్ళీ తీసింది. “మీరు విన్నది... అది మేం ఇంకా ఆలోచిస్తున్న మాట.”

“ఆలోచించండి. తొందరేముంది? రేపు మధ్యాహ్నం దాకా ఉందిగా.” ఆవిడ పెట్టె మీద కూర్చుంది. కాళ్ళు నేలకి అందడం లేదు. “ఆ కాగితంలో ఏం రాస్తారో, పంపేముందు బడి వరండాలో చదివి వినిపించండి. ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళం వస్తాం. ఎందుకు పెట్టెలో పెట్టామో మేమే చెబుతాం. నవ్వితే మా మొహాన నవ్వమనండి. అప్పటిదాకా ఇరవై మిషన్లూ ఇరవై పెట్టెల్లో ఉంటాయి.”

“బాసీలియాకి పెట్టె లేదు నాన్,” అన్నాను. ఏమనాలో తోచక అన్నాను.

“దానిది కూడా నా పెట్టెలోనే పెట్టుకుంటాను.”

కంచె అవతల హిహీనియా చెప్పు బాగయిపోయినట్టుంది. పరుగు లాంటి నడకతో దారి పట్టింది. మర మూసే లోపు చేరాలి కదా.

డాక్టరమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. చాలా మెల్లగా, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పింది: “అమ్మా, అవి నా సొంతం కావు. ప్రాజెక్టువి. ఒక్కటి పోయినా నేను రాజధానిలో జవాబు చెప్పుకోవాలి. మీరు అర్థం చేసుకోవాలి.”

నాన్ క్రిసాంతా మేకుకి వేలాడుతున్న టోపీ తీసి, మసి దులిపి, ఒళ్ళో పెట్టుకుంది. ఇందాక బిడ్డని పొగలో పెట్టారని నేనన్న మాటకి బదులు కూడా అప్పుడే ఇచ్చింది. ఇద్దరికీ అర్థమయ్యే భాషలోనే ఇచ్చింది.

“డబ్బా పోతే జవాబు చెప్పాలి. సరే. మా మార్సెలినా పోతే ఎవరు చెప్పారు?”